శాస్త్రవిజ్ఞానము పల్లె చేరిన త్రోవ

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీ ఉదయమున గుంటూరు పట్టణముపై సూర్యబింబము సంపూర్ణముగా మరుగుపడెను. పట్టపగలు చీకటి క్రమ్మెను. ఆనాటి జనులు గ్రహణస్నానములును, జపములును ఆచరించుచుండగా, అదే పట్టణమున ఫ్రాన్సుదేశమునుండి వచ్చిన జాన్సెన్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు ఒక యంత్రము నెదుట కన్ను పెట్టి కూర్చుండెను. ఆ యంత్రము వర్ణపటదర్శిని. వెలుగును రంగులుగా విడదీసి, ఆ వెలుగు ఏ పదార్థమునుండి పుట్టినదో తెలుపునట్టిది. చంద్రబింబపు అంచున ఎఱ్ఱని జ్వాలలవలె కనబడిన వానియందు మండుచున్న ఉదజని వాయువు కలదని ఆయన కనుగొనెను. అంతటితో తృప్తినొందక, మరునాడు గ్రహణము లేనప్పుడు సైతము ఆ జ్వాలలను చూడగలుగు ఉపాయమును గుంటూరులోనే సాధించెను.

అదే దినమున మచిలీపట్టణమునుండి గ్రహణమును పరిశీలించిన మదరాసు నక్షత్రశాలాధికారి పోగ్సన్, ఆ వెలుగులో ఒక పసుపుపచ్చని రేఖ కలదనియు, అది తెలిసిన పదార్థముల రేఖలతో సరిగా కలియుట లేదనియు గుర్తించెను. ఆ రేఖ భూమిపై ఎవరును ఎఱుగని క్రొత్త మూలపదార్థమునకు చెందినదని ఇంగ్లండులో లాకియర్ అను శాస్త్రజ్ఞుడు ఊహించెను. గ్రీకుభాషలో సూర్యునకుగల పేరునుబట్టి దానికి హీలియము అను నామము కలిగెను. 1895లో రామ్సే అను రసాయనశాస్త్రజ్ఞుడు ఆ వాయువును భూమిపై నొక ఖనిజమునుండి వెలికితీసెను. ఈ విధముగా ఒక మూలపదార్థపు చరిత్రలోని మొదటి పుటలు గుంటూరు, బందరుల ఆకాశముక్రింద వ్రాయబడినవి.

ఇది గర్వింపదగిన ముచ్చటయే. కాని దీని ప్రక్కనే ఆలోచింపదగిన మాట యొకటి కలదు. ఆ వింతను చూచిన కన్నులు వేలకొలది. దాని మర్మము తెలిసికొన్నవి కొన్ని మాత్రమే. గుంటూరు వీధిలో నిలిచి ఆ చీకటిని చూచిన పదునాలుగేండ్ల బాలుడు, ఆ విదేశీయుడు చూచుచున్నదేమియని అడిగియున్నచో, ఆ బాలుని చేతిలో పెట్టుటకు తగిన తెలుగు పుస్తకము దొరకుట మిగుల దుర్లభము. బాలుని బుద్ధికి కొఱత లేదు. బుద్ధికి చేరవలసిన త్రోవయే లేదు. ఆ త్రోవను ఎవరు వేసిరి, ఎట్లు వేసిరి, అది ఎంతవరకు వచ్చి ఆగినది అను విషయమును తెలిసికొనుట గ్రంథాలయ రజతోత్సవ సమయమున మిక్కిలి ఉచితమైన పని.

ఒక యింటి నక్షత్రశాల

శాస్త్రవిద్య తెలుగువారికి పరాయిది కాదు. మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. మల్లన 11వ శతాబ్దివాడని పండితులు చెప్పుదురు. ఆంధ్రభాషలో కావ్యరచన మొదలైన కాలముననే గణితమును తెలుగున చెప్పవలెనను కోరిక కూడ పుట్టినదనుటకు ఇది నిదర్శనము. కరణములును, వర్తకులును, శిల్పులును తమతమ పనులకు కావలసిన లెక్కలను తరతరములుగా నోటికి నేర్చుచునే యుండిరి. కాని ప్రశ్నించి, కొలిచి, పరీక్షించి తెలిసికొను నవీనశాస్త్రము వేఱు. అది ఈ దేశమున అడుగిడినప్పుడు మొదట ధనవంతుల భవనములలోనికే వచ్చినది.

విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావు అను జమీందారు ఉండెను. ఆయన యౌవనమున మదరాసు వెళ్లి, అచ్చటి నక్షత్రశాలాధికారియైన టేలరువద్ద ఖగోళశాస్త్రమును అభ్యసించెను. తిరిగివచ్చి 1840లో విశాఖపట్టణమున తన సొంత ఆవరణలో నక్షత్రశాలను నిర్మించెను. అచ్చటి దూరదర్శిని ఆయన విలాసవస్తువు కాదు. ఖచ్చితమైన కాలము ప్రజలకు తెలియుటకై డాల్ఫిన్స్ నోస్ కొండపై ధ్వజస్తంభము నెత్తించి, ప్రతిదినము ఉదయము తొమ్మిదిగంటలకు సంకేతము చూపు ఏర్పాటును ఆయన గావించెను. గడియారము అరుదైన ఆ దినములలో రేవులోని ఓడలవారికి అది గొప్ప ఉపకారము.

జగ్గారావు 1856లో గతించెను. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగమును వదలి ఆ నక్షత్రశాలను స్వీకరించెను. గ్రహణములను, తోకచుక్కలను, 1874లో జరిగిన శుక్రగ్రహ సంక్రమణమును పరిశీలించి, ఆ వివరములను ఇంగ్లండులోని ఖగోళశాస్త్ర సంఘమునకు పంపుచుండెను. 1871లో ఆ సంఘమువారు ఆయనను సభ్యునిగా గైకొనిరి. 1892లో ఆయన మరణించిన పిమ్మట ఆయన భార్య అచ్చయ్యమ్మగారు నక్షత్రశాలను మదరాసు ప్రభుత్వమునకు అప్పగించిరి. అటుపిమ్మట దాని వెలుగు క్రమముగా తగ్గి, తుదకు నక్షత్రశాలయే అంతరించినది.

అదే కాలమున మదరాసు నక్షత్రశాలలో పనిచేయుచుండిన చింతామణి రఘునాథాచార్యులు మఱియొక త్రోవ త్రొక్కెను. 1867లో ఒక చలచ్చుక్కను, అనగా కాంతి హెచ్చుతగ్గులగుచుండు నక్షత్రమును, కనుగొనిన పరిశోధకుడాయన. 1868 నాటి గ్రహణమును చూచుటకై వనపర్తికి వెళ్లెను. శుక్రసంక్రమణము రానున్నదని తెలిసి, అది ఏమో సామాన్యులకు బోధపడుటకై సంభాషణరూపమున ఒక చిన్నపుస్తకము వ్రాసి, దానిని దేశభాషలలోనికి కూడ తెచ్చెను. పరిశోధకుడు తన పరిశోధనను ఇంటివారి భాషలో చెప్పవలెనను ధర్మమును ఆయన ఆనాడే ఆచరించి చూపెను.

ఈ ఇరువురి చరిత్రలును ఒక పాఠమును బోధించుచున్నవి. ఒక కుటుంబపు ధనముతో నడచిన శాస్త్రము ఆ కుటుంబముతోపాటు తఱిగిపోవును. పుస్తకరూపమున పదిమందికి చేరినది ఆ పదిమందిలో నిలిచియుండును. కావున అప్పటికి కావలసినది మఱియొక జమీందారు కాదు. పదిమంది కలిసి పోషింపగల యొక వ్యవస్థ.

చందాదారులు కట్టిన విద్యాలయము

కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఈ కొఱతను మొదట గుర్తించినవారిలో నొకరు. సంఘసంస్కారము కొఱకు కలము పట్టిన ఆయనయే శారీరశాస్త్రము, జ్యోతిశ్శాస్త్రము, జంతువుల స్వభావము మున్నగు విషయములపై సులభమైన తెలుగు పుస్తకములను వ్రాసిరి. మూఢవిశ్వాసమును తిట్టుటవలన పోగొట్టుట కష్టమనియు, తెలివి చేరినచోట అది తనంతట తొలగుననియు ఆయన గ్రహించిరి. కాని ఒక్క మనుష్యుడు ఎన్ని శాస్త్రములు వ్రాయగలడు?

ఆ ప్రశ్నకు సమాధానముగా 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికామండలి పుట్టినది. దానికి ప్రాణము కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు. 1877లో కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిన ఈయన నాగపూరు ప్రాంతమున అక్కయ్య ఇంట పెరిగి విద్యనభ్యసించిరి. మహారాష్ట్రభాషలో చరిత్రగ్రంథములును, శాస్త్రగ్రంథములును వెలువడుచుండగా చూచి, తెలుగున అవి ఏల లేవని బాధపడిరి. ఆ అక్కయ్య భండారు అచ్చమాంబగారు. ఆమెకు పాఠశాల లేదు. తమ్ముడు చదువుకొనునప్పుడు ప్రక్కన కూర్చుండి అక్షరములు నేర్చి, తుదకు అబలాసచ్చరిత్ర రత్నమాల వంటి గ్రంథమును రచించినది. 1905లో, ముప్పది యేండ్ల ప్రాయముననే ఆమె గతించెను. పాఠశాల తలుపు తెఱువని ఆడపిల్ల కూడ పుస్తకము దొరికినచో ఎంత దూరము పోగలదో లక్ష్మణరావుగారు పుస్తకములలో చదివి తెలిసికొనలేదు. తమ యింటనే చూచిరి.

ఆయనకు మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారును, రావిచెట్టు రంగారావుగారును, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారును, అయ్యదేవర కాళేశ్వరరావుగారును తోడైరి. అంతకు పూర్వమే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపింపబడియుండెను. నైజాము రాజ్యమున తెలుగునకు ఆదరణ లేని ఆ దినములలో గ్రంథాలయములే తెలుగు చదువునకు నీడలయ్యెను. ఆ నీడలోనుండియే మండలియు మొలకెత్తినది. 1908లో మండలి కార్యస్థానము మదరాసునకు మాఱెను.

మండలి పద్ధతి మిక్కిలి సామాన్యమైనది, అందుచేతనే బలమైనది. ముందుగా చందాదారులను చేర్చుట, వారి చందాతో పుస్తకమును అచ్చువేయుట, తక్కువ వెలకు పంపుట, ఆ వచ్చిన సొమ్ముతో మఱియొక పుస్తకమునకు పూనుకొనుట. చరిత్రలతోపాటు జీవశాస్త్రము, రసాయనశాస్త్రము, పదార్థవిజ్ఞానము మున్నగు శాస్త్రములకు ఈ గ్రంథమాలలో స్థానము దొరకెను. వైద్యుడైన ఆచంట లక్ష్మీపతిగారు జీవశాస్త్రమును, వేమూరి విశ్వనాథశర్మగారు రసాయనశాస్త్రమును రచించిరి. సంవత్సరమునకు కొన్ని రూపాయలు చెల్లించిన ఉపాధ్యాయుడు, ప్లీడరు గుమాస్తా, మోతుబరి రైతు—వీరే ఆ శాస్త్రగ్రంథములకు పోషకులు. విశాఖపట్టణమున ఒక జమీందారు చేసిన పనిని ఇచ్చట పేరులేని చందాదారులు కలిసి చేసిరి. గ్రంథాలయమునకు నెలనెల చందా చెల్లించువాడు తాను చేయుచున్నది చిన్నపని యని తలంపరాదు. తెలుగున శాస్త్రము ఆ చందాతోనే పుట్టినది.

పేర్లు పెట్టుటలోని కష్టము

శాస్త్రమును తెలుగున వ్రాయబూనినవారికి మొదటి చిక్కు మాటలతోనే వచ్చినది. ఇంగ్లీషు పేర్లనే యుంచవలెనా, సంస్కృతమునుండి క్రొత్తమాటలు కల్పింపవలెనా, జనుల నోట నున్న మాటలనే వాడవలెనా? ఈ మూడు మార్గములును త్రొక్కబడినవి. ఆమ్లములను పుట్టించునది గాన ఆమ్లజని, ఉదకమును పుట్టించునది గాన ఉదజని, బొగ్గునకు మూలము గాన కర్బనము అను మాటలు వాడుకలోనికి వచ్చెను. ఉదజని అను మాటను విన్న బాలునకు నీటితో దానికేదో సంబంధము కలదని చెప్పకయే తెలియును. ఇంగ్లీషు పేరును కంఠస్థము చేసిన బాలునకు ఆ లాభము లేదు.

అయినను ఇందులో నొక హెచ్చరిక కూడ కలదు. ఆమ్లజని అను మాట ఫ్రాన్సుదేశపు లావోయిజరు పెట్టిన పేరునకు అనువాదము. ప్రతి ఆమ్లమునందును ఆ వాయువు ఉండునని ఆయన నమ్మెను. 19వ శతాబ్ది ఆరంభమున డేవీ అను శాస్త్రజ్ఞుడు ఆ నమ్మకము తప్పని నిరూపించెను. ఉప్పునుండి తీయు హైడ్రోక్లోరికామ్లములో ఆమ్లజని అణువైనను లేదు. పేరు నిలిచినది, అభిప్రాయము తొలగిపోయినది. శాస్త్రమున మహాపండితుడు చెప్పినదియైనను పరీక్షకు నిలువనిచో తొలగిపోవును. తప్పును ఒప్పుకొనుట అవమానము కాదు. విద్యార్థి ఆమ్లజని అను మాటతోపాటు ఈ కథనుకూడ నేర్చినచో శాస్త్రమనగా కంఠపాఠము కాదని గ్రహించును.

లక్ష్మణరావుగారి మనస్సులో ఇంతకంటె పెద్ద సంకల్పము కలదు. సకలశాస్త్రములను ఒకచోట చేర్చి ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును వెలువరింపవలెనని పూనుకొని మూడు సంపుటములను ప్రకటించిరి. ఆ మూడు సంపుటములును అకారమును దాటలేదు. 1923లో, నలువదియాఱవయేట ఆయన కన్నుమూసిరి. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ భారమును తలకెత్తుకొని పునర్ముద్రణకు పూనుకొనిరి. 1938లో ఆయనయు గతించిరి. మొదటి అక్షరమువద్ద ఆగిన ఆ గ్రంథము ఒక మనుష్యుని వైఫల్యము కాదు. ఒక జాతి చేయవలసిన పనిని ఒక్కని భుజముపై ఉంచినచో ఏమగునో తెలుపు గుఱుతు.

పడవపై వచ్చిన పుస్తకము

పుస్తకము అచ్చయినంతమాత్రమున త్రోవ పూర్తికాదు. అది పాఠకుని యిల్లు చేరవలెను. ఆ పనిని గ్రంథాలయోద్యమము చేపట్టినది. 1914లో విజయవాడయందు గ్రంథాలయప్రతినిధుల తొలి మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము ఏర్పడెను. అయ్యంకి వేంకటరమణయ్యగారు ఆ ఉద్యమమునకే తమ జీవితమును అంకితము చేసిరి. 1918లో వేటపాలెమున సారస్వతనికేతనము వెలసినది. అటుపిమ్మట ఊరూర, కొన్నిచోట్ల గుడిమంటపమున, కొన్నిచోట్ల దాత ఇంటి అరుగుమీద, చదువరుల గుంపులు ఏర్పడెను. చదువు వచ్చినవాడు బిగ్గఱగా చదువుచుండగా రానివారు చుట్టును కూర్చుండి వినుట ఆనాటి ఆచారము.

1935లో గుంటూరుమండలమున పాతూరి నాగభూషణముగారి పూనికతో పుస్తకములు పడవనెక్కెను. కొల్లిపరకును పెదవడ్లపూడికిని నడుమ కాలువపై పోవు పడవలో గ్రంథాలయమును ఏర్పఱచి, ప్రయాణికులకును, ఒడ్డునగల గ్రామములవారికిని పుస్తకములను అందించిరి. అదే కృష్ణ నీరు పొలమునకు పంటనిచ్చుచు, అదే నీటిపై పుస్తకము మనుష్యునకు తెలివినిచ్చుట చూడముచ్చటయైన దృశ్యము. ఆ కాలువ కూడ శాస్త్రముయొక్క ఫలమే. విజయవాడవద్ద 1855లో పూర్తియైన ఆనకట్ట లేనిదే ఆ కాలువ లేదు. నీటిమట్టపు లెక్క తెలియనిదే ఆ ఆనకట్ట లేదు. పడవలో కూర్చుండి పుస్తకము చదివిన యువకుడు తనక్రింద ప్రవహించు గణితమునుకూడ చదువగలుగుటయే గ్రంథాలయముయొక్క అసలు ప్రయోజనము.

మూడుమార్లు పరీక్షకు కూర్చుండిన బాలుడు

ఈ త్రోవన నడచినవారిలో ఎల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్ర ప్రతి విద్యార్థియు తెలిసికొనదగినది. ఆయన 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. తండ్రి రెవెన్యూశాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యముచే ముందుగానే పని మానుకొనెను. ఇంట పేదఱికము. పదుమూడవయేట బాలుడు ధనము సంపాదింపవలెనని ఇల్లు విడిచి కాశీకి బయలుదేరగా, పెద్దలు త్రోవలో పట్టుకొని తిరిగి తెచ్చిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమాఱు ఉత్తీర్ణుడయ్యెను. తండ్రి పోయినను చదువు మాన్పింపని తల్లి వెంకమ్మగారి పట్టుదలయే ఆ మూడవ ప్రయత్నమునకు ఆధారము.

మదరాసు వైద్యకళాశాలలో చదువుచుండగా జాతీయోద్యమ ప్రభావమున ఖద్దరు ధరించి, అచ్చటి ఆచార్యుని ఆగ్రహమునకు గుఱియయ్యెను. అందుచే పూర్తి వైద్యపట్టము దక్కక, తక్కువ పట్టముతో బయటికి వచ్చెను. ఆ యేండ్లలోనే స్ప్రూ అను జీర్ణరోగము ఆయన అన్నదమ్ముల నిరువురిని కొలదిదినముల తేడాలో తీసికొనిపోయెను. తానును ఆ రోగమునకే లోనై, లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన కోలుకొనెను. పిదప ఆ లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శారీరశాస్త్రమును బోధించెను. విజ్ఞానచంద్రికామండలికి జీవశాస్త్రమును వ్రాసిన లక్ష్మీపతిగారే వీరు. ఆనాటి శాస్త్రసేవకులు ఎంత చిన్న వలయమో, ఆ వలయము ఎంత దూరము ప్రాకినదో దీనివలన తెలియును.

అమెరికాకు పోవుటకు సుబ్బారావుగారివద్ద ధనము లేదు. మామగారి సాయమునకు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయము తోడైనది. సత్యలింగ నాయకరు పేదఱికమునుండి రంగూనుకు పోయి, ఓడల వ్యాపారమున ధనమార్జించి, దానిని ధర్మకార్యములకు వ్రాసియిచ్చిన మహానుభావుడు. తన ధనము ఏ బాలుని ఏ తీరము చేర్చునో చూచుటకు ఆయన జీవించి యుండలేదు. 1923 అక్టోబరులో సుబ్బారావుగారు బోస్టను నగరము చేరిరి. ఆసుపత్రిలో సేవకుని పనులు చేయుచు చదివిరి.

తరువాతి కథ లోకవిదితము. ఫిస్కే అను ఆచార్యునితో కలిసి 1925లో రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. 1927లో కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొనిరి. 1940లో లెడర్లీ ఔషధపరిశోధనాలయమునకు వెళ్లి, అచ్చట ఆయన నడిపిన పరిశోధకబృందము 1945లో ఫోలికామ్లము తయారుచేయు విధానమును సాధించెను. ఏ స్ప్రూరోగము అన్నదమ్ములను కబళించెనో ఆ రోగమునకు ఆ మందు పనిచేసెను. పసిపిల్లల రక్తపుకాన్సరునకు తొలిమందులును, ఆరియోమైసిన్ అను ఔషధమును ఆ పరిశోధనాలయమునుండియే వెలువడినవి. బోదకాలు నివారణకై ప్రభుత్వమువారు గోదావరి, కృష్ణామండలముల గ్రామములలో ఇంటింటికి తెచ్చి పంచిన డి.ఇ.సి. మాత్రయు ఆ పరిశోధనాలయపు ఫలమే. ఆ మాత్రను మ్రింగినవారిలో ఎందఱకు అది భీమవరపు బిడ్డ చేసిన కృషియని తెలియును? 1948 ఆగస్టులో, ఏబదిమూడవయేట ఆయన అమెరికాలోనే మరణించిరి.

రెండుమార్లు పరీక్ష తప్పిన బాలుని ఆనాడు ఇంటివారు పనికిరానివాడని విడిచియున్నచో ఈ మందులు ఎప్పటికి, ఎవరిచేత లభించియుండునో చెప్పజాలము. పరీక్ష బుద్ధిని కొలుచు కొలబద్దలలో నొకటి మాత్రమే. ఆ కొలబద్దకు అందని బుద్ధిని గుర్తించి, ఓపికతో నిలబెట్టుట తల్లిదండ్రుల పని, ఊరి పని.

పల్లె బిడ్డలు

సుబ్బారావుగారు ఒక్కరే కారు. కృష్ణామండలమందలి ఆగిరిపల్లెలో 1909లో పుట్టిన సూరి భగవంతముగారు చంద్రశేఖర వేంకట రామనుగారితో కలిసి భౌతికశాస్త్రమున కృషిచేసి, పిదప బెంగుళూరులోని భారత విజ్ఞానసంస్థకు అధిపతియైరి. పశ్చిమగోదావరి ప్రాంతమందలి గొరగనమూడిలో జన్మించిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగారు సన్న్యసించి స్వామి జ్ఞానానందయైరి. ఐరోపాలో భౌతికశాస్త్రమును అభ్యసించి, తిరిగివచ్చి ఆంధ్రవిశ్వకళాపరిషత్తున అణుభౌతికశాస్త్రశాఖకు పునాది వేసిరి. కాషాయము ధరించినవాడు పరమాణువును శోధింపరాదను నియమము లేదని ఆయన జీవితము చాటుచున్నది.

1971 అక్టోబరు 9న పులికాటు సరస్సు చెంతనున్న శ్రీహరికోటనుండి మొదటి చిన్న రాకెట్టు పైకి లేచెను. 2023 జూలై 14న అదే దీవినుండి బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతముచెంత దిగినది. గుంటూరులో పరదేశి శాస్త్రజ్ఞుడు సూర్యుని పరిశీలించిన దినమునుండి, తెలుగునేలమీదనుండి చంద్రుని చేరిన దినమువఱకు నూటయేబదియైదేండ్లు గడచినవి. ఆ నడుమ కాలము ఊరక గడువలేదు. దానిలో జగ్గారావు దూరదర్శిని, రఘునాథాచార్యుల చిన్నపుస్తకము, లక్ష్మణరావుగారి ప్రూఫుకాగితములు, చందాదారుల రూపాయలు, కాలువమీది పడవ కలవు.

మిగిలిన త్రోవ

అయినను త్రోవ ముగిసినదని తలంపరాదు. నేడు పాఠశాల లేని గ్రామము అరుదు. శాస్త్రపాఠము వినని బాలుడు అరుదు. కాని విన్నదానిని చేతితో చేసి చూచిన బాలుడును అరుదుగానే కనబడును. మార్కుల కొఱకు సూత్రములు వల్లించి, పరీక్ష పిమ్మట వానిని మఱచువారు హెచ్చుచున్నారు. ఇంజనీరను పట్టము కోరువారు వేలు. యంత్రమును విప్పి చూచి ఇది ఎందుకిట్లున్నదని అడుగువారు కొందఱే. గణితమనిన భయము, అందును ఆడపిల్లలకు గణితమేలయను మాట, ఇంకను కొన్ని ఇండ్లలో వినబడుచున్నది. తమ్ముని పాఠము విని పండితురాలైన అచ్చమాంబగారి చరిత్ర తెలిసినవారు ఆ మాటను పలుకజాలరు.

ఇచ్చట గ్రంథాలయము చేయదగిన పనులు కలవు. అవి గొప్ప ధనముతో కూడినవి కావు. కథలును నవలలును గల బీరువా ప్రక్కన శాస్త్రగ్రంథములకు ఒక బీరువా ప్రత్యేకింపవచ్చును. చదివి వినిపించు ఆ పాత ఆచారమును మరల మొదలిడి, వారమునకొకనాడు విద్యార్థులచేతనే ఒక శాస్త్రవిషయమును పెద్దలకు తెలుగున చెప్పింపవచ్చును. తాతకును నాయనమ్మకును అర్థమగునట్లు చెప్పగల బాలుడే ఆ విషయమును నిజముగా ఎఱిగినవాడు. గ్రహణము వచ్చినప్పుడు సూర్యుని నేరుగా చూడకుండ, అట్టముక్కకు సన్నని రంధ్రము చేసి, దానిగుండ కాగితముమీద పడిన బింబమును పిల్లలందఱకును చూపవచ్చును. వానకొలత పాత్ర నొకటి ఆవరణలో నుంచి, ప్రతిదినము కురిసిన వానను చదువుకొను పిల్లలే పుస్తకమున వ్రాసియుంచినచో, పదియేండ్లకు ఆ పుస్తకము రైతునకును, విద్యార్థికిని విలువైన ధనమగును.

ఊరి పెద్దలు సత్యలింగ నాయకరువలె కోట్లు ఈయనక్కఱలేదు. పరీక్ష తప్పి తలవంచుకొన్న బాలునకు మఱియొక సంవత్సరము చదువునకు తోడ్పడినను చాలును. యువకులు కూడ శాస్త్రము పట్టణములలో, పెద్ద భవనములలో మాత్రమే కలదని భ్రమపడరాదు. అది కాలువ వాలులో కలదు, ఎరువు కుప్పలో కలదు, బావి మోటారులో కలదు, రాత్రి ఆకాశమున కలదు. దానిని చూచుటకు కన్నులు అందఱకును కలవు. చూచినదానిని తెలిసికొనుటకు త్రోవ కావలెను. 1868లో గుంటూరు వీధిలో నిలిచిన బాలునకు ఆ త్రోవ లేదు. నేడు గ్రామమందలి బాలునకును, బాలికకును అది గ్రంథాలయపు గడపవద్ద మొదలగుచున్నది. ఆ గడపను తెఱచియుంచుట పెద్దల వంతు. దాటి లోనికి వచ్చుట పిన్నల వంతు. రజతోత్సవమును చూచిన గ్రంథాలయము స్వర్ణోత్సవమును జరుపుకొనునాటికి ఈ ఊరి బిడ్డ యొకరు వ్రాసిన శాస్త్రగ్రంథము ఆ బీరువాలో చేరునుగాక.